రగ్బీలో ఒడుపు కోన్ల చుట్టూ తిరిగితే రాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఒడిశాలో రగ్బీ ఇవాళ వింత ఆట కాదు. 2007లో భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ పిల్లలు లండన్ వెళ్లి, 14 ఏళ్ల లోపు పాఠశాలల అంతర్జాతీయ టోర్నీ గెలిచి వచ్చారు. 2019 జూన్‌లో మనీలాలో భారత మహిళలు సింగపూర్‌ను 21-19తో ఓడించి, పదిహేను మంది ఆటలో తొలి విజయం అందుకున్నారు. ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి ఆ గెలుపు తెచ్చింది ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు ఇళ్ల పిల్లలూ ఇప్పుడు ఈ ఆట మీద మనసు పెడుతున్నారు. పిల్లలకు ఆట నేర్పేవాళ్లుగా మాకు ఇంతకన్నా సంతోషం లేదు. అయితే వాళ్లను ఎంపిక చేసే తీరు, సాధన చేయించే తీరు చూస్తుంటే కొన్ని విషయాలు చెప్పక తప్పడం లేదు.

సెలక్షన్లంటే చాలాచోట్ల జరిగేది ఒక్కటే. నాలుగు కోన్లు (శంకు ఆకారపు గుర్తులు) పెడతారు, విజిల్ వేస్తారు, వాటి చుట్టూ పరిగెత్తి ముందు వచ్చినవాళ్ల పేరు రాసుకుంటారు. ‘ఎజిలిటీ టెస్ట్ అయిపోయింది’ అంటారు. అక్కడ తేలింది ఎజిలిటీలో, అంటే ఒడుపులో, సగం కూడా కాదు. కోను కదలదు. ఎటు తిరగాలో పరుగు మొదలుపెట్టక ముందే పిల్లవాడికి తెలుసు. మ్యాచ్‌లో ఎదురుగా ఉన్నది మనిషి. అతను ఎటు వంగుతాడో, ఏ కాలి మీద బరువు వేస్తాడో చూసి, అప్పటికప్పుడు నిర్ణయించుకుని, ఒంటిని అటు తిప్పాలి. చూడడం, తేల్చుకోవడం, తిరగడం మూడూ కలిస్తేనే ఒడుపు. ముందే తెలిసిన దారిలో మలుపులు తిరగడం దిశ మార్చే వేగం మాత్రమే. అది అవసరమే, కానీ ఒడుపులో ఒక భాగం. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లోనూ రగ్బీలోనే మరో రకమైన రగ్బీ లీగ్‌లోనూ పరిశోధకులు గమనించిన విషయం ఇదే. ముందే తెలిసిన మలుపుల పరుగులో పై స్థాయి ఆటగాళ్లకూ కింది స్థాయి వాళ్లకూ పెద్ద తేడా కనిపించదు. ఎదుటి మనిషి కదలికను బట్టి తిరగాల్సిన పరీక్షలో మాత్రం తేడా స్పష్టంగా బయటపడుతుంది.

ముందుగా కొలత సంగతి. మలుపుల పరుగును కొలిచే ఇల్లినాయ్ పరీక్ష చాలామందికి తెలుసు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, మధ్యలో 3.3 మీటర్లకు ఒకటి చొప్పున నాలుగు కోన్లు. ఇది పూర్తి కావడానికి 15 సెకన్లు, అంతకు పైనే పడుతుంది. అందులో తిన్నని పరుగు ఎక్కువ, దమ్ము పాత్ర కూడా ఎక్కువ. తిన్నగా బాగా పరిగెత్తేవాడు మలుపుల్లో తడబడినా మొత్తం మీద మంచి టైము తెచ్చుకుంటాడు. రగ్బీలో తప్పించుకోవడమనేది ఒకటి రెండు సెకన్లలో ముగిసే పని. దాన్ని 15 సెకన్ల పరుగుతో తూచడం కట్టెల త్రాసులో బంగారం తూచినట్టే.

అంతకన్నా మేలైనది 505 పరీక్ష. 15 మీటర్ల గీత గీయండి. మొదటి 10 మీటర్లు ఊపు అందుకోవడానికి. 10వ మీటరు దగ్గర టైము మొదలు. 15వ మీటరు గీతను ఒక కాలితో తొక్కి, వెనక్కి తిరిగి మళ్లీ 10వ మీటరు దాటితే టైము ముగుస్తుంది. అంటే 5 మీటర్లు పోయి 5 మీటర్లు రావడం. ఎడమ కాలితో మూడుసార్లు, కుడి కాలితో మూడుసార్లు చేయించాలి, మధ్యలో కనీసం రెండు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. అదే పిల్ల 10 మీటర్లు తిన్నగా పరిగెత్తిన టైమును 505 టైము లోంచి తీసేయండి. మిగిలిందే మలుపు ఖర్చు. ఒక అమ్మాయి 10 మీటర్లు 1.90 సెకన్లలో, 505 ను 2.60లో చేసిందనుకోండి, ఖర్చు 0.70. ఇంకో అమ్మాయి 10 మీటర్లు 2.10లో, 505 ను 2.65లో చేసింది, ఖర్చు 0.55. టైము ఒక్కటే చూస్తే మొదటి అమ్మాయి ముందుంది. నిజానికి మలుపు బాగా తిరిగింది రెండో అమ్మాయి. ఆమెకు కావలసింది తిన్నని పరుగులో సాధన. మొదటి అమ్మాయికి కావలసింది ఆగడం నేర్పడం. ఇద్దరికీ ఒకే సాధన పెడితే ఒకరికైనా వృథా.

ఇలాంటి తేడాలు చేతి స్టాప్‌వాచ్‌లో దొరకవు. నొక్కే వేలు ఆలస్యమే ఒక్కోసారి 0.1, 0.2 సెకన్లు ఉంటుంది. మనం వెతుకుతున్న తేడా కూడా దాదాపు అంతే. చేతిలో ఉన్న ఫోనే ఇందుకు చాలు. చాలా ఫోన్లలో స్లో మోషన్ 240 ఫ్రేములకు వస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సెకనులో 240వ వంతు. ఫోనును 10వ మీటరు గీతకు సరిగ్గా పక్కన, నడుము ఎత్తులో, కదలకుండా నిలబెట్టండి. చేతులు, తల కాకుండా రొమ్ము గీత దాటిన ఫ్రేములు రెండూ పట్టుకుని మధ్యలోని ఫ్రేములు లెక్కపెట్టి 240తో భాగించండి. ఫోను ఏటవాలుగా పెడితే మాత్రం లెక్క తప్పుతుంది, వచ్చేటప్పుడు ముందుగా, పోయేటప్పుడు ఆలస్యంగా గీత దాటినట్టు కనిపిస్తుంది.

ఇక శరీరం సంగతి. ఒడుపంటే వేగం అనుకోవడం వల్లనే సగం పొరపాట్లు. వేగంగా వచ్చినవాడు దిశ మార్చాలంటే ముందు ఆ వేగాన్ని దించాలి. 60 కిలోల మనిషి సెకనుకు 7 మీటర్ల వేగంతో వస్తుంటే అతని ఒంట్లో ఉన్న గతి శక్తి 1,470 జౌళ్లు. 5 మీటర్లకు దిగితే 750. వేగం మూడో వంతు కూడా తగ్గలేదు, కాళ్లు అదుపు చేయాల్సిన శక్తి మాత్రం సగానికి పడిపోయింది. అందుకే మంచి ఆటగాడు అడ్డు వచ్చేవాడి ముందు కొంచెం నెమ్మదిస్తాడు. చూసేవాళ్లకు జంకినట్టు కనిపిస్తుంది, గట్టుమీద నిలబడి ‘ఆగకు, పరిగెత్తు’ అని కేకలు వేస్తారు. దయచేసి అలా అరవకండి.

ఇంకో లెక్క చూడండి. అదే 60 కిలోల మనిషి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి, వేగం తగ్గకుండా, ఒక్క అడుగులోనే 45 డిగ్రీలు పక్కకు తిరగాలంటే, పాదం నేలను తాకి ఉండే సుమారు 0.2 సెకన్లలో 117 కిలోల బరువుకు సమానమైన బలంతో నేలను పక్కకు నెట్టాలి. ఒంటి బరువుకు దాదాపు రెట్టింపు, అదీ ఒంటికాలి మీద, పైగా తన బరువు మోస్తూనే. ఆ బలం కాలికి లేకపోతే మనిషి చేసేది రెండే. చాలా నెమ్మదిస్తాడు, లేకపోతే ఎద్దుబండి తిరిగినట్టు పెద్ద వలయం తీసుకుంటాడు. అడ్డుకునేవాడికి రెండూ సులువే. ఒంట్లో అనవసరపు కొవ్వు 3 కిలోలు చేరితే ఈ లెక్కంతా నూటికి 5 వంతులు పెరుగుతుంది, కండ బలం మాత్రం పెరగదు. ముందు వరుసలో స్క్రమ్ (ఇరు జట్లూ భుజాలు ఆనించి తోసుకోవడం) నెట్టే ఆటగాడికి బరువు కావాలి, అతని దగ్గర మైదానం అంచున పరిగెత్తే వింగర్ ఒడుపు ఎవరూ అడగరు. కానీ ఏడుగురి ఆటలో అలాంటి మినహాయింపు ఎవరికీ లేదు. పెద్ద మైదానం, ఏడుగురే మనుషులు, ప్రతివాళ్లూ ఒంటరిగా ఒకరిని తప్పించుకోవాల్సిందే, ఒకరిని పట్టుకోవాల్సిందే.

మలుపు తిరిగేది ఏ అడుగుతో? అడిగితే అందరూ ఆఖరి అడుగు అంటారు. అసలు పని దాని ముందు అడుగులోనే జరగాలి. ఆ అడుగు మడమతో ముందుగా తాకి, మోకాలు బాగా వంచి, పిరుదులు కిందికి దించి, బ్రేకు వేస్తుంది. దాన్ని బ్రేకు అడుగు అందాం. ఆ తర్వాతిది మలుపు అడుగు, దాని పని నెట్టడమే. ఎర్రమట్టి నేల మీద సాధన చేయిస్తే ఇది కళ్లకు కనిపిస్తుంది. పిల్లవాడు తిరిగి వెళ్లాక వంగి అడుగుల జాడలు చూడండి. బ్రేకు అడుగు దగ్గర మడమ గీసుకుపోయిన చాళ్లు జానెడు పొడవున ఉండి, మలుపు అడుగు దగ్గర పాదం లోపలి అంచు లోతుగా, పొట్టిగా దిగి ఉంటే సరిగా తిరిగాడని అర్థం. బ్రేకు అడుగు జాడ మామూలు పరుగు అడుగులా ఉండి, మలుపు అడుగు దగ్గరే మట్టి మూరెడు దూరం లేచిపోయి ఉంటే, ఆగడమూ తిరగడమూ రెండూ ఒకే కాలి మీద పడ్డాయన్నమాట. అలాంటి జాడ రోజూ కనిపించే పిల్లవాడి మోకాలి గురించి ఆలోచించాల్సిందే.

మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు (ఎముకలను కలిపి పట్టే కట్టు) తెగడం రగ్బీలో చాలాసార్లు ఎవరి దెబ్బా తగలకుండానే జరుగుతుంది. పాదం ఒంటికి బాగా దూరంగా పడడం, మోకాలు దాదాపు నిటారుగా ఉండడం, అది లోపలికి వాలడం, పై ఒళ్లు నేల తాకిన కాలివైపే ఒరగడం, ఈ నాలుగూ కలిసిన క్షణంలో తెగుతుంది. పాదం నేలను తాకిన తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు లోపలే అయిపోతుంది. ఆ తర్వాత సర్దుకుందామన్నా వ్యవధి ఉండదు, కాబట్టి కాలు గాల్లో ఉండగానే సరిగా పడేలా అలవాటు చేయాలి. ఒకే ఆట ఆడే మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో ఈ గాయం కొన్ని రెట్లు ఎక్కువ. మన వైపు రగ్బీకి వస్తున్నవాళ్లలో ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపుతున్నారు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాం.

దీనికి జిమ్ అక్కర్లేదు. మొదటి పని, దూకి ఆగడం. 20 నుంచి 30 సెంటీమీటర్ల అరుగు మీంచి కిందికి అడుగు వేసి, రెండు కాళ్ల మీద దిగి, రెండు సెకన్లు కదలకుండా నిలబడాలి. చప్పుడు రాకూడదు. మోకాళ్లు రెండూ ఒకదానివైపు ఒకటి వాలకుండా పాదం రెండో వేలి మీదుగా ఉండాలి. ఎదురుగా నిలబడి చూస్తేనే వాలడం తెలుస్తుంది, పక్కనుంచి చూస్తే తెలియదు. 5 సార్లు చొప్పున 3 విడతలు. రెండు వారాలు ఇలా నిలకడగా చేశాకే ఒంటికాలికి మార్చాలి.

రెండోది తొడ వెనక కండరానికి. గోనె సంచి మడిచి మోకాళ్ల కింద వేసుకుని, జతగాడు మడమలు అదిమి పట్టుకోగా, మోకాళ్ల నుంచి తల దాకా ఒకటే గీతలా ఉంచి ముందుకు మెల్లగా వాలాలి. ఎంత ఆలస్యంగా పడితే అంత మేలు, పడేటప్పుడు చేతులు ఆనించుకోవచ్చు. వారానికి రెండు రోజులు, మొదట 5 సార్లు చొప్పున 2 విడతలు, నెలన్నరలో 8 సార్లు చొప్పున 3 విడతలకు పోవాలి. మొదటి వారమే ఎక్కువ చేయిస్తే నాలుగు రోజులు మెట్లు దిగలేరు, ఇక ఎప్పుడూ చేయం అంటారు. నడుము దగ్గర వంగిపోతూ పడడం అందరూ చేసే తప్పు, అలా చేస్తే తొడ వెనక పని పడదు. వీటికి తోడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి కిందికి దిగే స్క్వాట్, ఇసుక సంచి భుజాన వేసుకుని చేయవచ్చు. పిక్కలకు, గజ్జలకు చెరో వ్యాయామం. దిశ మార్చడంలో గజ్జ కండరాల మీద భారం ఎక్కువ, చాలామంది వాటిని పూర్తిగా మరిచిపోతారు.

చీలమండ సంగతీ చూడాలి. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తాకించాలి. బొటనవేలికీ గోడకూ మధ్య 10 సెంటీమీటర్ల దాకా అందితే బాగున్నట్టు. రెండు కాళ్లకూ 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ పిల్ల ఒకవైపు తిరగడానికి ఎందుకు ఇబ్బంది పడుతోందో అక్కడే తెలిసిపోతుంది. పాత బెణుకు సరిగా మానకపోవడమే చాలాసార్లు కారణం. ప్రపంచ రగ్బీ సంస్థ ‘యాక్టివేట్’ పేరుతో ఉచితంగా ఇస్తున్న వార్మప్ పద్ధతిలో ఈ దిగడం, ఆగడం, మలుపు తిరగడం అన్నీ వయసుల వారీగా ఉన్నాయి. 20 నిమిషాల పని, వారానికి 3 సార్లు చేయించాలి. మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి బంతి ఇచ్చేయడం వార్మప్ కాదు.

ఇప్పుడు ఎదుటి మనిషి. 2019 ప్రపంచ కప్ ఫైనల్లో, యోకొహామాలో, దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బే ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ను దాటి ట్రై కొట్టిన (బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించిన) ఘట్టం మన పిల్లలకు ఫోన్లో నెమ్మదిగా చూపించండి. కోల్బే ఎత్తు 171 సెంటీమీటర్లు, అంటే మన వీధిలో తిరిగే కుర్రాడి ఎత్తే. ‘మనవాళ్లు పొట్టి, రగ్బీకి పనికిరారు’ అనేవాళ్లు కూడా అది చూడాలి. బరువు నేలకు దగ్గరగా ఉన్నవాళ్లకు మలుపులో ఒక అనుకూలత ఉంది.

పక్కకు కోసుకుపోయే అడుగు, అదే సైడ్ స్టెప్, సమయం మీద నిలబడే విద్య. మనిషి కంటితో చూసి స్పందించడానికి ఎంత లేదన్నా సెకనులో ఐదో వంతు పడుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తున్నవాడు ఆ లోపు 1.2 మీటర్లు వచ్చేస్తాడు. బంతి పట్టుకున్నవాడికి ఆస్తి అదే. అడ్డుకునేవాడికి 5, 6 మీటర్ల దూరంలోనే అడుగు మార్చితే అతనికి సర్దుకునే వ్యవధి ఇచ్చినట్టు. మీటరు దూరం దాకా పోతే అప్పటికే అతని చేతుల్లో ఉంటారు. 2 నుంచి 3 మీటర్ల మధ్య, ఇద్దరి వేగాన్ని బట్టి, అదను. ముందు అతని ఒక భుజం మీదికి నేరుగా పోవాలి, అతను అటు బరువు వేసేలా చేయాలి. రెండు మూడు పొట్టి అడుగులతో ఊపు దించి, ఎడమకు పోవాలంటే కుడిపాదం నడుముకు బయటగా వేసి, లోపలి అంచుతో నెట్టి, తల, రొమ్ము కొత్త దారివైపు తిప్పాలి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. తప్పించుకున్నాక వేసే మొదటి మూడు అడుగులు పొట్టిగా, బలంగా పడకపోతే పక్కనున్న రెండో ఆటగాడు వచ్చి పట్టేస్తాడు.

బంతిని అంతవరకూ రెండు చేతుల్లో పట్టుకోవాలి. చేతులు ఊపడానికి వీల్లేక వేగం కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ రెండు చేతుల్లో బంతి ఉన్నంతసేపు పాస్ ఇస్తాడేమోనన్న అనుమానం ఎదుటివాడి కాళ్లకు బంధం వేస్తుంది. చంకలో పెట్టుకున్న క్షణం అతనికి ఒక ప్రశ్న తగ్గిపోతుంది. తప్పించుకున్నాకే బంతిని అవతలి చేతికి మార్చుకోవాలి.

అడ్డుకునేవాళ్లకూ ఒడుపు కావాలి, దాన్ని మాత్రం ఎవరూ నేర్పరు. వేగంగా ఎదురెళ్లి దూరం తగ్గించడం సగం పనే. ఆఖరి 2, 3 మీటర్లలో అడుగులు పొట్టివి చేసి, పాదాలు కదులుతూనే ఉంచుకోవాలి. పాదాలు వెడల్పుగా పాతేసి నిలబడినవాడు స్తంభమే. చూపు బంతి మీద, ముఖం మీద కాకుండా నడుము మీద ఉండాలి. భుజం అబద్ధమాడుతుంది, కళ్లు అబద్ధమాడతాయి, నడుము పోని చోటికి మనిషి పోలేడు. కొంచెం లోపలి పక్కనుంచి వస్తూ అతన్ని టచ్ లైన్ (మైదానం పక్క గీత) వైపు నెట్టుకుపోతే అతనికి ఒకటే దారి మిగులుతుంది. తల అతని ఒంటికి అడ్డంగా కాకుండా పక్కగా, వెనకగా పెట్టడం టాకిల్‌లో, అంటే మనిషిని పట్టి పడేయడంలో, మొదటి పాఠం. కాళ్లు ముందుగా చేరకపోతే తల ముందుగా చేరుతుంది, మెడ దెబ్బలు అక్కడే మొదలు.

‘మన పిల్లలు కబడ్డీ ఆడతారు, ఖోఖో ఆడతారు, ఒడుపు వాళ్ల రక్తంలోనే ఉంది’ అని తరచూ వింటాం. అందులో నిజం ఉంది. ఎదుటివాళ్ల నడుము, కాలు చూసి ఆలోచన పసిగట్టడం చెడుగుడు నేర్పినంత బాగా ఏదీ నేర్పదు. కానీ కబడ్డీ కోర్టు మగవాళ్లకు 13 మీటర్లు 10 మీటర్లు మాత్రమే, కూతకు వెళ్లినవాడు ఎప్పుడూ పూర్తి వేగం అందుకోడు. అక్కడి మలుపులు తక్కువ వేగంలోనివి. ఖోఖోలో స్తంభం దగ్గర తిరిగేటప్పుడు చెయ్యి బ్రేకు వేస్తుంది, కాలు కాదు. ఈ పిల్లలకు కన్ను సిద్ధంగా ఉంది, సెకనుకు 6, 7 మీటర్ల వేగం నుంచి ఆగే కాలు సిద్ధంగా లేదు. వాళ్లే ముందు గాయపడతారు, ఎందుకంటే కన్ను చెప్పినంత వేగంగా తిరగబోతారు. అలాంటివాళ్లకు మొదటి నెలన్నర ఆగడమే నేర్పాలి. 10 మీటర్లు పరిగెత్తి 3 అడుగుల్లో ఆగడం, తర్వాత 15 మీటర్లు పరిగెత్తి ఆగడం.

సాధన ఎలా పేర్చాలో కూడా చెబుతాం. వార్మప్ అయిన వెంటనే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు, 20 నుంచి 25 నిమిషాలు, వారానికి రెండు రోజులు, మధ్యలో 48 గంటలు ఎడం. మొదట తెలిసిన మలుపు, 45 డిగ్రీలు, రెండు వైపులా, వేగం నూటికి 70 వంతులు మించకుండా. అడుగుల జాడ సరిగా వస్తే జతలు. 5 మీటర్ల చదరంలో ఒకరు కదులుతుంటే రెండోవారు అద్దంలా అనుసరించాలి, 5 సెకన్లే. ఆ తర్వాత 5 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు దారిలో ఒకరి మీద ఒకరు, మొదట రెండు చేతులతో నడుము తాకితే చాలు, టాకిల్ వద్దు. తర్వాత బంతితో ఇద్దరు, అడ్డుకోవడానికి ఒకరు, పాస్‌తో సహా. టాకిల్ అన్నిటికన్నా ఆఖరున. ఒక్కో ప్రయత్నం 5, 6 సెకన్లు, తర్వాత అర నిమిషం నుంచి నిమిషం విశ్రాంతి, రోజుకు 6 నుంచి 8 ప్రయత్నాలు. అడుగుల చప్పుడు పెరిగితే, నడుము లేచిపోతే ఆ రోజుకు ఆపేయాలి. వరసగా 20 సార్లు చేయించి పిల్లలు రొప్పుతుంటే బాగా చేయించామనుకోవడం పొరపాటు. అప్పుడు నేర్చుకునేది అలసిన కాలి తప్పు అడుగే.

నేల మీద తాళ్ల నిచ్చెన పరిచి గళ్లలో గబగబా అడుగులు వేయించే అలవాటు అన్నిచోట్లా ఉంది. వార్మప్‌లో సరదాగా రెండు నిమిషాలు వేయించండి, తప్పు లేదు. అందులో ఆగడం లేదు, నెట్టడం లేదు, ఎదుటి మనిషి లేడు, చూపు పూర్తిగా నేల మీదే. దానికి సగం గంట కేటాయించడం మాకు ఏ కోశానా సమ్మతం కాదు.

నేల, బూట్లు కూడా ఆటలో భాగమే. కోతలయ్యాక పొలాల్లో ఆడిస్తే దుబ్బులు పాదం పట్టుకుంటాయి. గరపనేల మీద చిన్న గులకరాళ్లు గోళీల్లా దొర్లుతాయి. పుష్య మాసం ఉదయాల్లో పచ్చిక మీద మంచు ఆరకముందు మలుపుల సాధన పెట్టకండి, ఆ పూట పాసులు చేయించండి. ఆట ముందు పిల్లలందర్నీ ఒక వరసలో నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తే పది నిమిషాల్లో రాళ్లు, ముళ్లు ఏరేయవచ్చు. గుర్తులకు ఇటుకలు వద్దు, పాత సైకిలు టైర్లు, సున్నం చాలు. నియమాల ప్రకారం బూటు అడుగున ఉండే మొన, అంటే స్టడ్, పొడవు 21 మిల్లీమీటర్లు మించకూడదు, గట్టినేల మీద అంత పొడవు అసలే వద్దు. పొడవాటి స్టడ్లు దిగబడి పాదం ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. గట్టినేలకు అడుగున పొట్టి పొట్టి మొనలు ఎక్కువగా ఉండే బూట్లు మేలు. ‘వచ్చే ఏడాదికీ సరిపోతాయి’ అని ఒక సైజు పెద్ద బూట్లు కొనవద్దని తల్లిదండ్రులకు మా మనవి. మలుపులో బూటు ఆగుతుంది, లోపల పాదం జారుతూనే ఉంటుంది. వేలి ముందు బొటనవేలి గోరంత జాగా చాలు. కొందరు బూట్లతో, కొందరు ఒట్టి కాళ్లతో కలిపి ఎప్పుడూ ఆడించకండి. చైత్రం దాటాక ఎండ ఎక్కకముందే సాధన ముగించాలి, ఉప్పు వేసిన చోడి అంబలి ఒక సీసా పక్కన ఉండాలి.

జిల్లా స్థాయిలో ఎంపికలు చేసేవాళ్లకు మా విన్నపం ఇది. కోన్ల పరుగు పెట్టండి, దానితోపాటు 505 ను రెండు కాళ్లకూ పెట్టి మలుపు ఖర్చు విడిగా రాయండి. ఆ తర్వాత 5 మీటర్లు 10 మీటర్ల దారిలో ప్రతి పిల్లకూ బంతితో 6 అవకాశాలు, అడ్డుకోవడానికి 6 అవకాశాలు ఇవ్వండి. ప్రతిసారీ ఎదుటి మనిషి మారాలి, లేకపోతే ఒక బలహీనమైన జోడీ వల్ల ఒకరికి లాభం వస్తుంది. తాకకుండా దాటితే 2, నడుము పక్కన వేలు మాత్రమే తగిలితే 1, రెండు చేతులూ పడితే సున్న. అడ్డుకున్నవాళ్లకు ఇదే తిరగేసి. ఎడమకు ఎన్నిసార్లు, కుడికి ఎన్నిసార్లు దాటారో పక్కన గుర్తు పెట్టండి, ఒకే వైపు తిరిగేవాళ్లు అక్కడ దొరికిపోతారు. 30 మంది వస్తే మొత్తం 180 పోటీలు. మూడు దారులు గీసి, ఒక్కో పోటీకి మనుషులు మారడంతో కలిపి అర నిమిషం వేసుకున్నా అరగంటలో ముగుస్తుంది. కావలసినవి ఒక బస్తా సున్నం, ఒక ఫోను, ఒక టేపు, రాసుకోవడానికి ముగ్గురు మనుషులు.

ఇట్లు,
కొందరు రగ్బీ, వ్యాయామ శిక్షకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.